డ్యాష్‌బోర్డ్ వెనక దొరికిన ఈ చిన్న రేకు డబ్బా ఏంటి? (1968 స్పిట్‌ఫైర్)

రేకుల_రథం:
అందరికీ నమస్కారం. బండి 1968 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3, పాత బ్రిటిష్ కారు. వైరింగ్ ఎలా ఉందో చూద్దామని డ్యాష్‌బోర్డ్ విప్పాను. స్పీడోమీటర్ వెనక వైర్ల గుంపులో, నల్ల ఇన్సులేషన్ టేప్ చుట్టిన ముద్ద ఒకటి వేలాడుతోంది. టేప్ జిగురంతా కారి బంకలా తయారైంది, విప్పేసరికి గోళ్లన్నీ నల్లబడ్డాయి.

లోపల చిన్న రేకు డబ్బా. అగ్గిపెట్టె కంటే కాస్త చిన్నది. అడుగున గోధుమరంగు అట్టలాంటి పలక, దాని మీదికి రేకు అంచులు మడిచి నొక్కేశారు. మరలు లేవు, విప్పే దారి లేదు. ఒక పక్క చెవిలా పొడుచుకొచ్చిన రేకు, దానికో బెజ్జం. స్క్రూ మాత్రం లేదు. ఊపితే చప్పుడు రాదు.

పాత ఓనర్ తగిలించుకున్న ఏదో అదనపు సామాను అనుకుని కత్తిరించేద్దామనుకున్నా. మళ్లీ ఎందుకో చెయ్యి ఆగింది. ఎవరికైనా తెలుసా? ఫోటోలు మూడు పెట్టాను, ఒకటి కాస్త మసగ్గా వచ్చింది, ఏమనుకోకండి.

నాలుగో_గేరు:
ఫ్లాషర్ యూనిట్ బ్రో. ఇండికేటర్లు టిక్కు టిక్కుమనేది అదే.

రేకుల_రథం:
నేనూ మొదట అదే అనుకున్నా బ్రో. కానీ ఫ్లాషర్ వేరే చోట ఉంది, గుండ్రటి డబ్బా. దాన్ని పీకితే ఇండికేటర్లు ఆగిపోయాయి, పెడితే మళ్లీ వచ్చాయి. ఈ డబ్బా వైర్లు పీకితే ఇండికేటర్లకి ఏమీ కాలేదు.

సుత్తి_స్పానర్:
అయితే రిలే, అంటే కరెంటుతో నడిచే స్విచ్చు. హారన్‌దో హెడ్‌లైట్‌దో. పాత బండ్లలో ఎవరికి తోచిన రిలే వాళ్లు పెట్టుకుంటారు. నాకైతే ఆ బెజ్జంలో స్క్రూ లేకపోవడమే సాక్ష్యం. కంపెనీ వాళ్లు పెడితే బిగించి పెడతారు కదా, టేప్ చుట్టి వేలాడదీస్తారా? తీసి అవతల పారెయ్యండి, బండి నడిస్తే అది అక్కర్లేనట్టే.

తుప్పు_తాత:
పారెయ్యకండి. కత్తిరించకండి. ముందు బ్యాటరీ వైరు ఒకటి ఊడదీయండి. టేప్ తీసేశారు కాబట్టి ఇప్పుడా టెర్మినల్ బాడీకి తగిలితే ఫ్యూజ్ పోతుంది.

ఇలాంటి డబ్బాలు ఆకారం చూసి పోల్చుకునేవి కావు బాబూ. ఆ కాలంలో ఫ్లాషరూ రేకు డబ్బానే, రిలే కూడా రేకు డబ్బానే. వైర్లు చూడాలి. మూడు విషయాలు చెప్పండి. ఎన్ని వైర్లు, ఏ రంగులు? టెర్మినల్స్ పక్కన అక్షరాలేమైనా అచ్చొత్తి ఉన్నాయా? రేకు మీద కంపెనీ పేరు, నంబరు?

రంగు చూసేటప్పుడు బయట కనిపించే భాగం నమ్మొద్దు. అరవై ఏళ్ల మసి మీద అన్ని రంగులూ ఒకటే. తడిగుడ్డతో తుడిచి, కనెక్టర్ తొడుగు కాస్త వెనక్కి జరిపి, వెలుతురు సోకని చోట చూడండి. అసలు రంగు అక్కడుంటుంది.

రేకుల_రథం:
బ్యాటరీ తీసేశాను మాస్టారూ.

మీరన్నట్టు తుడిచి చూశా. పైకి రెండూ బూడిదరంగే. తొడుగు జరిపితే ఒకటి మామూలు పచ్చ, రెండోది లేతపచ్చ. లేతపచ్చ దాని మీద సన్నటి చార కూడా ఉన్నట్టుంది, తేల్చి చెప్పలేను. పచ్చ వైరు పక్కన అట్ట మీద 'బి' అని ఇంగ్లిష్ అక్షరం, లేతపచ్చ పక్కన నిలువు గీత. అది 'ఐ' అక్షరమో ఒకటి అంకో తెలీదు. రేకు మీద స్మిత్స్ అని ఉంది, కింద నంబరు తుప్పులో కలిసిపోయింది.

తుప్పు_తాత:
అది 'ఐ'. ఇంక అనుమానం లేదు.

ఇంకో ప్రశ్న. మీ పెట్రోల్ మీటరు, టెంపరేచర్ మీటరు ఎలా ఉన్నాయి? నిజం చెప్పండి.

రేకుల_రథం:
మీకెలా తెలిసింది!

రెండూ నన్ను ఏడాదిగా ఏడిపిస్తున్నాయి. పెట్రోల్ ముల్లు ఎప్పుడూ ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. ఒకసారి ఇంకా కాస్త పెట్రోల్ ఉందని చూపిస్తుండగానే బండి ఆగిపోయింది, మూత తీసి చూస్తే ట్యాంకు ఎండిపోయి ఉంది. దాంతో ట్యాంకులో పెట్రోల్ మట్టం కొలిచే ఫ్లోట్ యూనిట్ కొత్తది వేశా. తేడా లేదు. టెంపరేచర్ ముల్లేమో ఎర్రగీత దగ్గరికి వెళ్లి కూర్చుంటుంది. థర్మోస్టాట్ మార్చా, రేడియేటర్ కడిగించా. అయినా అంతే. కానీ నీళ్లు మరగవు, ఆవిరి రాదు. పైగా రోడ్డు మీద కాసేపు వేగంగా వెళ్తే పెట్రోల్ పెరుగుతుంది! నవ్వకండి. ట్రాఫిక్‌లో ఆగితే మెల్లగా తగ్గుతుంది.

నాలుగో_గేరు:
నడుపుతుంటే పెట్రోల్ పెరిగే బండి. అమ్మకండి బ్రో, దాచుకోండి.

తుప్పు_తాత:
నవ్వులాట కాదు, జబ్బేంటో ఆ ఒక్క ముక్కలోనే దొరికింది.

మీ చేతిలో ఉన్నది మీటర్ల వోల్టేజ్ స్టెబిలైజర్. 'బి' అంటే బ్యాటరీ వైపు, 'ఐ' అంటే ఇన్‌స్ట్రుమెంట్స్ వైపు. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో పచ్చ వైరంటే ఇగ్నిషన్ వేశాక ఫ్యూజ్ మీదుగా వచ్చే కరెంటు. లేతపచ్చ మీటర్లకి పోతుంది. పచ్చ మీద నల్లచార ట్యాంకు ఫ్లోట్‌కి, పచ్చ మీద నీలిచార ఇంజిన్ టెంపరేచర్ సెన్సర్‌కి. గోధుమ రంగు ఎప్పుడూ బ్యాటరీ కరెంటే, నలుపు ఎర్త్, అంటే బాడీ మీదుగా కరెంటు తిరిగి బ్యాటరీకి పోయే దారి. ఇవి బట్టీ పట్టండి, సగం పార్టులు వాటి పేరు అవే చెప్పుకుంటాయి. ఫ్లాషర్ అయితే 'బి, ఎల్, పి' అక్షరాలుండేవి. లూకాస్ కంపెనీ రిలే అయితే 'సి 1, సి 2, డబ్ల్యూ 1, డబ్ల్యూ 2'. డైనమో కంట్రోల్ బాక్సులో 'డి', 'ఎఫ్' తప్పకుండా ఉంటాయి. 'బి', 'ఐ' జంట మాత్రం దీనిదే.

ఇప్పుడు మీ పెట్రోల్ ఎందుకు పెరుగుతుందో చూడండి. మీ మీటర్లలో ముల్లుని కదిపేది అయస్కాంతం కాదు, వేడి. రెండు రకాల లోహాలు అతికించిన సన్న పట్టీ, దాని చుట్టూ సన్న తీగ. కరెంటు పోతే తీగ వేడెక్కుతుంది, పట్టీ వంగుతుంది, ముల్లు జరుగుతుంది. అందుకే తాళం తిప్పగానే ముల్లు ఎగరదు, నిద్రలేచినట్టు నెమ్మదిగా లేస్తుంది. ఈ రకం మీటరు సరిగ్గా చెప్పాలంటే దానికి వచ్చే కరెంటు నిలకడగా ఉండాలి. బండిలో అది ఉండదు కదా. ఇంజిన్ ఆపితే 12 వోల్టులు, నడుస్తుంటే 14 దాకా.

అందుకని మధ్యలో ఈ డబ్బా. దీని లోపలా అదే కిటుకు. ఇంకో వేడి పట్టీ, దాని కొసన కాంటాక్టు. వేడెక్కి వంగితే కాంటాక్టు విడిపోతుంది, కరెంటు ఆగుతుంది. చల్లారితే మళ్లీ అంటుకుంటుంది. ఇలా కొట్టుకుంటూ కొట్టుకుంటూ సగటున 10 వోల్టుల లెక్కన మీటర్లకి పంపుతుంది. బ్యాటరీలో ఎక్కువుంటే త్వరగా వేడెక్కి త్వరగా విడిపోతుంది, కాబట్టి సగటు మారదు. మీటరు ముల్లు ఎలాగూ బద్ధకస్తురాలు, ఈ కొట్టుకోవడం దానికి తెలియదు.

లోపలి పట్టీని వేడిచేసే తీగ రెండో కొస ఎక్కడికి పోతుందో తెలుసా? ఆ రేకు డబ్బాకి. డబ్బా బాడీకి బిగిస్తేనే ఎర్త్. మీదేమో టేప్‌లో వేలాడుతోంది. ఎర్త్ లేదు, పట్టీ వేడెక్కదు, కాంటాక్టు విడిపోదు. బ్యాటరీ వోల్టేజీ మొత్తం తిన్నగా మీటర్లలోకి.

సుత్తి_స్పానర్:
పారెయ్యమన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

లెక్కల_పుల్లయ్య:
మాస్టారు చెప్పినదానికి ఒక చిన్న లెక్క కలుపుతా. వేడి అనేది వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. 10 బదులు 12 వస్తే 1.44 రెట్లు. 14 వస్తే 1.96 రెట్లు, అంటే దాదాపు రెండింతలు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు డైనమో పెద్దగా ఇవ్వదు, ముల్లు కొంచెం దిగుతుంది. వేగం అందుకుంటే డైనమో అందుకుంటుంది, ముల్లు ఎగబాకుతుంది. రథం గారు చెప్పిన కథ అక్షరాలా సరిపోయింది.

రేకుల_రథం:
నాకు నోట మాట రావడం లేదు. థర్మోస్టాట్, ఫ్లోట్ యూనిట్, రేడియేటర్ పని... అన్నీ ఒక స్క్రూ లేక!

పాత ఓనర్ ఎందుకిలా చేసుంటారు? పార్టు పోయిందని కొత్తది కొనకుండా టేప్ చుట్టారా?

తుప్పు_తాత:
పోయిందని ఎందుకనుకుంటారు? ఎప్పుడో స్పీడోమీటర్ బయటికి తీసుంటారు. తిరిగి పెట్టేటప్పుడు స్క్రూ ఎక్కడో పడిపోయుంటుంది, తలకిందులుగా పడుకుని వెతకాలంటే విసుగొచ్చి, షార్ట్ కాకుండా టేప్ చుట్టారు. ఆయన దృష్టిలో జాగ్రత్త పడ్డట్టే. ఎర్త్ ఆ స్క్రూ మీదే ఉందని తెలియలేదు, అంతే. నేనూ ఒకప్పుడు ఇంతకంటే ఘోరాలు చేశాను, ఇక్కడ చెప్పను.

ఇప్పుడు పరీక్ష. డబ్బా చెవి దగ్గరా, బాడీ మీద స్క్రూ పడే చోటా తుప్పూ పెయింటూ ఎమరీ పేపరుతో మెరిసేదాకా గీకండి. బిగించండి. డబ్బాని ఎటు పడితే అటు తిప్పి పెట్టొద్దు. లోపల వేడి మీద పనిచేసే పట్టీ కాబట్టి నిలువుగా ఎలా ఉండాలో వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉన్నట్టే ఉండాలి. తర్వాత బ్యాటరీ కలిపి, ఇగ్నిషన్ వేసి, 'ఐ' దగ్గర వోల్టులు కొలిచే మీటరు పెట్టి చూడండి.

రేకుల_రథం:
సరే మాస్టారూ. నా దగ్గర డిజిటల్ మల్టీమీటర్ ఉంది, సరిపోతుందా?

తుప్పు_తాత:
సరిపోతుంది గానీ కంగారు పెడుతుంది. అంకెలు 12, 0, 12, 0, మధ్యలో ఏవేవో గెంతుతాయి. 10 అని నిలబడి కనపడదు. చూసి పాడైందనుకోకండి, గెంతితే బాగున్నట్టు. పాతకాలపు ముల్లు మీటరైతే ముల్లు ఊగుతుంది. ఏదీ లేకపోతే చిన్న టెస్ట్ బల్బు చాలు, మిణుకు మిణుకుమంటుంది. మొదటి కొన్ని సెకన్లు కదలకుండా వెలుగుతుంది, పట్టీ వేడెక్కేదాకా. కాస్త ఓపిక పట్టండి.

మైనర్_మనిషి:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది 1959 మోరిస్ మైనర్. ఈ చర్చ చదివి వెంటనే వెళ్లి డ్యాష్ వెనక టార్చి వేసి చూశా, ఇలాంటి డబ్బా లేదు. ఎవరైనా పీకేశారా? టెన్షన్ పట్టుకుంది. పెట్రోల్ మీటరు మాత్రం బాగానే చూపిస్తుంది.

తుప్పు_తాత:
తాళం తిప్పగానే మీ పెట్రోల్ ముల్లు ఏం చేస్తుంది?

మైనర్_మనిషి:
టక్కున లేచి నిలబడుతుంది. గతుకుల్లో అటూ ఇటూ ఊగుతుంది కూడా.

తుప్పు_తాత:
మరి టెన్షన్ దేనికి? మీది పాత రకం, అయస్కాంతం చుట్లతో నడిచే మీటరు. రెండు చుట్లకీ ఒకే బ్యాటరీ, ఒకటి లాగితే ఇంకోటి లాగుతుంది కాబట్టి వోల్టేజీ పెరిగినా తగ్గినా ముల్లుకి పట్టదు. దానికి స్టెబిలైజర్ లేదు, అక్కర్లేదు. ఎవరో చెప్పారని కొని పెట్టొద్దు. టక్కున లేచే ముల్లుకి ఈ డబ్బా అవసరం లేదు, నెమ్మదిగా లేచే ముల్లుకి కావాలి. డ్యాష్ విప్పకుండానే తెలిసిపోయే విషయం ఇది.

చిప్పుల_చిన్నా:
నా సలహా ఒకటి. ఆ పాత డబ్బా ఎంత శుభ్రం చేసినా లోపల కాంటాక్టులు అరవై ఏళ్లవి. 7810 అనే రెగ్యులేటర్ ఐసీ దొరుకుతుంది, మూడు కాళ్లది. నిలకడగా 10 వోల్టులు ఇస్తుంది. అంచులు జాగ్రత్తగా విప్పి, లోపలిది తీసేసి, ఐసీ పెట్టి మళ్లీ నొక్కేస్తే బయటికి కంపెనీ డబ్బాలాగే ఉంటుంది. రాసి ఉన్న వైపు మనకేసి పెట్టుకుంటే ఎడమ కాలు 'బి'కి, కుడి కాలు 'ఐ'కి, మధ్య కాలు రేకుకి. ఐసీ వీపు కూడా ఎర్తే కాబట్టి రేకుకే బిగించొచ్చు, వేడి కూడా పోతుంది. నేను రెండు బండ్లకి చేశాను.

తుప్పు_తాత:
పనిచేస్తుంది, కాదనను. కానీ పనిచేస్తున్న పార్టు కడుపు కోయడం ఎందుకు? ముందు పరీక్షించాలి. పోయిందని తేలితే అప్పుడు మీ ఐసీ.

చిప్పుల_చిన్నా:
రోడ్డు మధ్యలో పోయాక మార్చుకోవడం కంటే ముందే మార్చుకోవడం మేలు కదా మాస్టారూ. పైగా ఆ కాంటాక్టులు కొట్టుకున్నప్పుడల్లా రేడియోలో చిటపట.

తుప్పు_తాత:
ఆ కాలం బండిలో రేడియో వినిపించే నిశ్శబ్దం ఎక్కడుంది నాయనా!

బుల్లి_బండి:
చిన్నా గారూ, మీ పద్ధతి నాకు నచ్చింది. నాది 1966 మినీ, పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. ఈ ఆదివారం చేసేస్తా. 7810 తెప్పించుకుంటే చాలు కదా?

లెక్కల_పుల్లయ్య:
ఆగండి ఆగండి. పాజిటివ్ ఎర్త్ బండికి 7810 పెట్టొద్దు, కాలిపోతుంది. దానికి 7910 కావాలి, నెగటివ్ రకం. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 7810కి వీపు ఎర్త్. 7910కి వీపు ఎర్త్ కాదు, కరెంటు లోపలికొచ్చే కాలుతో కలిసి ఉంటుంది. చిన్నా గారు చెప్పినట్టు రేకుకి బిగించారంటే ఇగ్నిషన్ వేయగానే షార్ట్. మధ్యలో మైకా పలక, స్క్రూకి ప్లాస్టిక్ తొడుగు ఉండాలి. కాళ్ల వరుస కూడా వేరు, డేటాషీట్ చూసి కలపండి. పాత వేడి పట్టీ డబ్బాకైతే పాజిటివా నెగటివా అన్న పట్టింపే లేదు, ఎటైనా వేడెక్కుతుంది.

చిప్పుల_చిన్నా:
నిజమే, నావి రెండూ నెగటివ్ ఎర్త్ బండ్లు, ఆ సంగతి రాయడం మర్చిపోయా. బుల్లి బండి గారూ, పుల్లయ్య గారి మాట వినండి.

బుల్లి_బండి:
హమ్మయ్య. ఈ ఆదివారం ఏమీ చేయను.

రేకుల_రథం:
వచ్చాను. నిన్న సాయంత్రం పని మొదలుపెట్టా.

చెవి గీకితే లోపల రేకు తళతళా మెరిసింది. స్క్రూ సైజు దొరక్క గంట పోయింది. బిగించాక చెవికీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య ఓమ్స్ చూశా, సున్నా దగ్గరే. ఇగ్నిషన్ వేశాను. 'ఐ' దగ్గర మల్టీమీటర్ 12.3 అని నిలబడింది. నా గుండె జారింది. మాస్టారు ఓపిక పట్టమన్నారు కదా అని మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా. ఆరో ఏడో అనేసరికి అంకె ఒక్కసారిగా కింద పడింది, మళ్లీ లేచింది, మళ్లీ పడింది. అప్పుడు డబ్బా దగ్గరికి నా చెవి పెట్టి వింటే సన్నగా చిట్... చిట్... మని వినిపించింది. అరవై ఏళ్ల డబ్బా బతికే ఉంది!

పెట్రోల్ ముల్లు మెల్లగా లేచి పావు దగ్గర ఆగింది. ఇంతకు ముందు అదే పెట్రోల్‌కి సగం దాటి చూపించేది. ఇంజిన్ స్టార్ట్ చేసి రేజ్ చేశా, ముల్లు కదల్లేదు. టెంపరేచర్ ముల్లు పావుగంట తర్వాత సరిగ్గా మధ్యలో కూర్చుంది. నడుపుతూ ఆ ముల్లునే చూస్తూ ఉన్నా, రోడ్డు సరిగ్గా చూడలేదు.

నాలుగో_గేరు:
అంటే ఇక పెట్రోల్ పెరగదన్నమాట. బండి విలువ పడిపోయింది బ్రో.

సుత్తి_స్పానర్:
నాదో సందేహం. ఒక్క మీటరే తప్పు చూపిస్తే కూడా ఈ డబ్బాయేనా?

తుప్పు_తాత:
కాదు. రెండూ ఒకే వైపుకి తప్పితే డబ్బా, లేదా దాని ఎర్త్. ఒక్కటే తప్పితే ఆ మీటరో, దాని ఫ్లోట్ లేదా సెన్సరో, ఆ వైరో. రెండూ చచ్చి పడుంటే ముందు పచ్చ వైరు ఫ్యూజ్ చూడండి. వైపర్లు, ఇండికేటర్లు కూడా పనిచేయకపోతే ఫ్యూజే. అవి పనిచేస్తూ మీటర్లు రెండూ లేవకపోతే అప్పుడు డబ్బా లోపల కాంటాక్టు విడిపోయి అతుక్కోవడం లేదు. ఏం చేసినా మీటరుని తీసి బ్యాటరీకి నేరుగా కలిపి పరీక్షించొద్దు, లోపలి తీగ కాలిపోతుంది. అలా పోగొట్టినవాళ్లు చాలామంది.

రేకుల రథం గారూ, ఆ పాత ఫ్లోట్ యూనిట్ పారేశారా?

రేకుల_రథం:
లేదు మాస్టారూ, డబ్బాలో ఉంది. పాడైందని పక్కన పెట్టా.

తుప్పు_తాత:
ట్యాంకుకి దూరంగా, బల్ల మీద పెట్టి, టెర్మినల్‌కీ బాడీకీ మధ్య ఓమ్స్ చూడండి. ఫ్లోట్ చెయ్యి కింద నుంచి పైకి నెమ్మదిగా లేపుతూ.

రేకుల_రథం:
చూశాను. చెయ్యి కిందుంటే 248. పైకి లేపుతుంటే ఎక్కడా తెగకుండా తగ్గుతూ వచ్చి, పూర్తిగా లేపితే 31.

తుప్పు_తాత:
ఖాళీలో 250 దగ్గర, నిండుకి 30 దగ్గర. నిక్షేపంలా ఉంది. గుడ్డలో చుట్టి, మీద చీటీ అంటించి దాచుకోండి.